తేనెపిట్ట నాలుక

ఫిబ్రవరి 9

అక్క ఈ రోజు కూడా ఏమీ ముట్టలేదు. గ్లాసు పెదవులకు ఆనించి, నేను అటు తిరగ్గానే కిటికీ గట్టు మీద పెట్టేసింది. నాకు తెలియదనుకుంది. పక్షిశాలలో పొద్దస్తమానం ఏ పిట్ట ఏ గొట్టంలో ఎంత తాగిందో కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసే ఉద్యోగం నాది. గ్లాసులో పాలు తగ్గాయో లేదో నాకు తెలియకుండా పోతుందా?

పోయిన వారం ఆసుపత్రిలో పెద్ద డాక్టరు అన్న మాటలు ఇక్కడ రాసుకుంటున్నాను, రాస్తేనన్నా నాకు ఎక్కుతాయేమోనని. గొంతులో గడ్డకు ఇక చేయగలిగిందేమీ లేదు. పాలు, నీళ్ళు తప్ప ఏదీ దిగదు, అవీ కష్టంగానే. పొట్టకు చిన్న రంధ్రం చేసి గొట్టం వేస్తే ఆహారం నేరుగా పంపొచ్చు. కొన్ని నెలలు కలిసొస్తాయి.

అక్క ఒక్క మాటలో తేల్చేసింది. "వద్దు సార్. జీవితమంతా బట్టలకి కాజాలు తీశాను. నాకు నేను కాజా తీయించుకోను."

డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. మేనకోడలు మాత్రం నవ్వలేదు. మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది. "చూశావా మామయ్యా, ఆవిడకి మనమంటే ఎంత లెక్కో. ఉండమంటే ఉండనంటోంది." అంతే, అప్పట్నుంచి తల్లితో మాట్లాడటం లేదు. బస్సు డ్యూటీ దిగి నేరుగా వస్తుంది, పక్కబట్టలు మారుస్తుంది, అక్క తల దువ్వుతుంది, పెదవి మాత్రం విప్పదు. అక్క దువ్వెన పళ్ళ కింద తల వంచుకుని కూర్చుంటుంది. ఇద్దరూ ఒకే అచ్చు. మొండిఘటాలు.

ఫిబ్రవరి 10

రెండు గుక్కల పాలు. అవీ నా పోరు పడలేక.

ఫిబ్రవరి 12

పక్షిశాలకు కొత్త పిట్ట వచ్చింది. ఎవడో చేతిసంచిలో దాచి అమ్మకానికి తీసుకెళ్తుంటే పట్టుకున్నారట. తేనెపిట్ట. బరువు రెండు తెల్లకాగితాలంత. వీపు ఆకుపచ్చ బూడిద కలిసిన రంగు, పొట్ట వెలిసిన పసుపు. సంచిలో నలిగి ఈకలన్నీ రేగిపోయి, రెట్టలంటుకుని ఉంది. ఆడో మగో అని పిట్టల డాక్టరమ్మ అడిగితే, చూపుతోనే చెప్పేశాను: ఆడది. ఇన్నేళ్ళ అనుభవం మరి. మా గాజు గదిలో ఒంటరిగా ఉన్న మగవాడికి తోడు దొరికిందని అందరం సంబరపడ్డాం.

మా మగవాణ్ణి దొరగారంటాం. దూరం నుంచి చూస్తే బొగ్గుముక్క. వెలుతురులోకి మెడ తిప్పాడా, నీలం, ఊదా, రాగిరంగు ఒకదాని మీద ఒకటి పరుగెత్తుతాయి. నిజానికి ఆ ఈకలో నీలం రంగన్నదే లేదు, నూరితే మిగిలేది నల్లపొడి. ఈక అల్లికలో వెలుతురు చిక్కుకుని అలా కనబడుతుందంతే. ఈ సంగతి మొదటిసారి అక్కకు చెప్పినప్పుడు, మిషను ఆపి, "షాట్ సిల్కు అన్నమాట. అటు తిప్పితే ఒక రంగు, ఇటు తిప్పితే ఒక రంగు" అంది. అంత తేలిగ్గా నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేకపోయాను.

అక్కకు ఈ రోజు మూడు చెంచాలు.

ఫిబ్రవరి 13

కొత్త పిట్ట తాగడం లేదు. నేల దగ్గర ఆకుల్లో నక్కి కూర్చుంది. అంత చిన్న ఒంట్లో దాచుకోవడానికి చోటేది? పూట తప్పితే చాలు, ప్రాణం మీదికొస్తుంది. పగలంతా పువ్వు నుంచి పువ్వుకు తిరుగుతూనే ఉండాలి వాటికి. పొడుగాటి పువ్వుల్లోకి ముక్కు దూరకపోతే అడుగున చిల్లు పొడిచి మరీ తేనె లాగేస్తాయి. దొంగపిట్టలు.

మెత్తటి గుడ్డలో పట్టుకున్నాను. తల నిటారుగా ఎత్తి, ముక్కు కొసను గొట్టంలో ముంచాను. నా విద్య ఇదే. తేనెపిట్ట నాలుక సన్నటి గొట్టంలా చుట్టుకుని ఉంటుంది, కొస చీలి ఉంటుంది. తియ్యటి తడి తగిలిందంటే పిట్ట వద్దనుకున్నా సరే, నాలుక దానంతట అదే బయటికొచ్చేస్తుంది. లోపలికీ బయటికీ ఆడుతుంది. కళ్ళు మూసుకునే తాగింది. గొట్టంలో మట్టం తగ్గుతుంటే నాకు ఆకలి తీరినట్టయింది.

ఇప్పటివరకు నా చేతిలో ఆకలితో ఏ పిట్టా చావలేదు. కొత్తవాళ్ళు వస్తే వాళ్ళకు ఇది నేర్పమని నన్నే పిలుస్తారు. మొదట చెప్పేది ఒకటే. తల నిటారుగా ఉండాలి. వాలిందా, తాగింది ఊపిరిలోకి పోతుంది.

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. వింటూ వింటూ, "పాపం, అది వద్దంటున్నా తాగించావా?" అంది.

"బతికింది కదా" అన్నాను.



ఫిబ్రవరి 15

పరువు పోయింది. కొత్తది ఆడది కాదు, మగ. డాక్టరమ్మ ఇవాళ ఈకలు తుడిచి చూస్తే గొంతు నుంచి పొట్ట దాకా నల్లచార బయటపడింది. జత కట్టే కాలం అయిపోయాక మగవి మెరుపు ఈకలు రాల్చేసి ఆడదానిలా మాసిపోతాయి, ఆ ఒక్క చారే మిగులుతుంది. నాకు తెలియని విషయం కాదు. మురికి అనుకున్నాను. ఆడది కావాలనుకున్నాను, ఆడదే కనబడింది.

దొరగారు అద్దంలో తన నీడనే పగవాడనుకుని ముక్కు అరిగేలా పొడిచే రకం. అలాంటివాడి గదిలోకి ఇంకో మగవాణ్ణి తోశాను. వీడు గొట్టం దగ్గరికి వచ్చినప్పుడల్లా దొరగారు తరిమాడు. వీడు భయంతో తాగలేదు. వేరే గదిలో పెట్టి, తీగ మందారాలు నాలుగు వేలాడదీశాం. అరగంట గడవకముందే కొమ్మ మీద తలకిందులుగా వేలాడుతూ తనంతట తనే తాగాడు. ఆపైన నేను పెంచే చిన్న ఈగల మీద పడ్డాడు. ఎగిరేదాన్ని ఎగిరినచోటే పట్టేశాడు. తేనె ఒక్కటే చాలదు వాటికి, పురుగూ పుట్రా ఉంటేనే కండ.

డాక్టరమ్మ నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

కానీ ఒకటి అర్థమైంది. తాగనిది ఏదైనా సరే, దేన్నో చూసి భయపడే తాగదు. అక్కకు కూడా ఏదో భయం పట్టుకుంది. అది పోయేదాకా గడిపేస్తే చాలు. అంతవరకూ ఎలాగోలా నేను దాటించాలి.

ఫిబ్రవరి 17

మందుల దుకాణంలో బలానికి వాడే పొడి ఒకటి కొన్నాను. పిట్టలకు కలిపే పాళ్ళలోనే కలిపాను. నీళ్ళు, చక్కెర, పొడి, గోరువెచ్చగా. నాలుక మీద వేసుకుంటే చప్పగా, కొంచెం సుద్దలా ఉంది. అక్క వాసన చూసి గ్లాసు పక్కన పెట్టింది. "నాకు రెక్కలొస్తే పూచీ నీదేరా, పిట్టలోడా."

తాగలేదు.

ఫిబ్రవరి 18

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. నొప్పి మాత్ర వేసుకున్నాక అక్క మగతలో పడుతుంది. నోరు కాస్త తెరుచుకుంటుంది. చుక్కలమందు గొట్టంతో ఆ పొడి కలిపిన నీళ్ళు పెదవి మూల ఒక చుక్క వేశాను. గొంతు కదిలింది. మింగింది! ఇంకో చుక్క. మళ్ళీ మింగింది. దిండు ఎత్తుగా పెట్టాను, అన్నీ చూసుకునే చేశాను. టీ కప్పులో పావువంతు దిగింది.

అక్కకు తాగాలనే ఉంది. మెలకువగా ఉన్నప్పుడు ఒప్పుకోదు, అంతే.

ఫిబ్రవరి 19

పావు కప్పు.

ఫిబ్రవరి 21

అరకప్పు! బుగ్గలకు కొంచెం రంగు వచ్చిందనిపించింది. మేనకోడల్ని అడిగితే, "ఏమో, నాకేం తేడా కనబడలేదు" అంది. పొద్దున్నే లేచి పెద్ద బస్సు తిప్పుకొచ్చిన మనిషి, అలసిపోయి ఉంటుంది.

ఫిబ్రవరి 22

దొరికిపోయాను.

గొట్టం పెదవి మీద ఉండగానే అక్క కళ్ళు తెరిచింది. కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. ఎన్నాళ్ళుగా తెలుసో. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎంత తాగానేంటి?" అంది.

"అరకప్పు. నువ్వే తాగావక్కా. నేను ఊరికే..."

"గొంతు తాగిందిరా. నేను తాగలేదు."

నన్ను మంచం పట్టె మీద కూర్చోమంది. అమ్మ పోయినప్పుడు నన్ను కూర్చోబెట్టి చెప్పిన గొంతుతోనే, ఇప్పుడు సగమే మిగిలిన ఆ గొంతుతోనే చెప్పింది. "నాకు బతకాలని లేదని ఎవరన్నారు నీకు? బతకాలనే ఉంది. దాని పెళ్ళి కాకపోయినా, అది బస్సు తోలుతుంటే వెనక సీట్లో కూర్చుని ఊరంతా తిరగాలనుంది. తాగాలని మాత్రం లేదు. ఒక్కో గుక్కకి సూది దిగినట్టుంటుందిరా. సూది పోటంటే నాకు తెలీదా? దినదినం అది పడలేను. నాకు భయమేం లేదు. నీకే ఉంది."

"నాకేం భయం?"

"నేను పోతే నిన్ను తిట్టేవాళ్ళుండరని."

నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఇంకెప్పుడూ చేయనని ఆమె చేతిలో చెయ్యేసి చెప్పాను.

ఫిబ్రవరి 23

చేయలేదు.

ఫిబ్రవరి 24

చేయలేదు. ఏమీ ముట్టలేదు అక్క.

ఫిబ్రవరి 25

చేయలేదు. అక్క మణికట్టు నా రెండు వేళ్ళ మధ్య పట్టేసింది.

ఫిబ్రవరి 26

కొంచెమే. కొన్ని చుక్కలే. మంచి నిద్రలో ఉంది, నొప్పి తెలిసే అవకాశమే లేదు. మాట ఇచ్చాను నిజమే, కానీ ఇది తాగించడం కిందికి రాదు, పెదవులు తడపడం. పెదవులు తడపమని ఆసుపత్రిలో నర్సు కూడా చెప్పింది.

ఫిబ్రవరి 27

పెదవులు తడిపాను. అరకప్పు.

మార్చి 2

అక్కకు జ్వరం. ఊపిరి తీస్తుంటే లోపల గరగరమంటోంది. మేనకోడలు బస్సు డిపోకు ఫోను చేసి రానని చెప్పేసింది. ఆసుపత్రికి తీసుకొచ్చాం. ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

పెద్ద డాక్టరు బయటికొచ్చి, "తాగింది ఊపిరితిత్తుల్లోకి పోయింది. పడుకోబెట్టి ఏమైనా తాగించారా?" అని అడిగాడు.

తల నిటారుగా ఉండాలి. ఎంతమందికి నేర్పాను! పిట్టను పట్టుకున్నప్పుడు ఒక్కనాడూ మరిచిపోలేదు. అక్కకు ఒక దిండు పెట్టి, అదే ఎత్తు అనుకున్నాను. నిద్రపోయే మనిషి తల వాలుతుందని నాకు తెలియదా? తెలుసు. మెలకువగా కూర్చోబెడితే తాగదని కూడా తెలుసు. అందుకే పడుకోబెట్టి పోశాను.

డాక్టరు నా ముఖంలోకే చూస్తున్నాడు. మేనకోడలు కూడా. ఒప్పుకుందామనే నోరు తెరిచాను. ఈలోగా తెరిచి ఉన్న తలుపులోంచి, మంచం మీద ఉన్న అక్క గొంతు వినిపించింది, గాలి ఎక్కువ, మాట తక్కువ.

"నేనే సార్. నేనే తాగాను. ఆశ పుట్టింది. పడుకునే తాగేశాను."

మేనకోడలు గిరుక్కున తిరిగింది. "నువ్వా? నువ్వు తాగావా?"

"ఆ. అడిగి మరీ పోయించుకున్నాను. మీ మామయ్య కలిపాడు. బాగుందే."

దాంతో అది పెదవి కొరుక్కుంటూ మంచం దగ్గరికి వెళ్ళి, తల్లి పాదాల మీద ముఖం పెట్టేసుకుంది. ఇన్ని వారాల తర్వాత మొదటిసారి "అమ్మా" అంది. నేను వరండాలోనే ఉండిపోయాను.

మార్చి 3

మందులు ఎక్కిస్తున్నారు. పని చేస్తాయో లేదో చెప్పలేమంటున్నారు. మేనకోడలు పక్కనుంచి కదలడం లేదు. రోడ్డు మీద ఎవడో కుక్కపిల్లను స్కూటరు ముందు కూర్చోబెట్టుకుని బస్సుకు అడ్డం వచ్చిన కథ చెబుతోంది. అక్క కళ్ళతో నవ్వుతోంది. నేను గదిలోకి వెళ్తే ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూశారు, ఒకే ముఖం రెండు వయసుల్లో.

మార్చి 4

మేనకోడలు క్యాంటీనుకు వెళ్ళినప్పుడు అక్కతో ఒంటరిగా ఉన్నాను. మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చున్నాను.

"నేను చంపానక్కా నిన్ను."

"గడ్డ చంపుతోందిరా. నువ్వు కాస్త తొందరపెట్టావంతే." ఒక్కో మాటకూ ఆగింది. "ఎప్పుడూ అంతే నువ్వు. చిన్నప్పుడు కూడా గుండీ పూర్తిగా కుట్టకముందే చొక్కా లాక్కుని పోయేవాడివి."

"దానికి చెప్పేస్తాను."

చెయ్యి ఎత్తలేక వేలు ఒక్కటి ఎత్తింది. "చెప్పావంటే ఊరుకోను. అది నాతో మాట్లాడుతోందిరా. నేను ఉండాలనుకున్నాననుకుంటోంది. అనుకోనీ."

"అబద్ధం కదా."

"మొత్తం కాదు" అంది.

మార్చి 6

పక్షిశాలకు వెళ్ళొచ్చాను, వెళ్ళకపోతే పిచ్చెక్కేలా ఉంది. కొత్తవాడి గొంతు మీద అక్కడక్కడ కొత్త ఈకలు వస్తున్నాయి, ఊదా రంగు మచ్చలు మచ్చలుగా. పక్క గదిలో దొరగారి కూత వినబడగానే రెక్కల కింద దాచుకున్న పసుపు కుచ్చు విప్పి చూపించి, కొమ్మ మీద ఎగిరెగిరి పడుతున్నాడు. పనివాళ్ళు చుట్టూ చేరి నవ్వుతున్నారు. డాక్టరమ్మ నన్ను పిలిచి, నీరసంగా ఉన్న ఇంకో పిట్టకు గొట్టంతో తాగించమంది. గుడ్డ చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ బల్ల మీద పెట్టేశాను. నా వల్ల కాదన్నాను. కారణం అడగలేదు, తనే పట్టుకుంది. తల నిటారుగా ఎత్తి ఓపిగ్గా తాగించింది. నేను గొట్టం కడగడానికి వెళ్ళిపోయాను.

మార్చి 8

అక్క పోయింది. పొద్దున్న. మేనకోడలు తల దువ్వుతుండగా.

మార్చి 9

మార్చి 15

కుట్టుమిషను మీద సగం కుట్టిన పిల్లల గౌను ఉంది. ఎవరిదో తెలియదు. కొలతల చీటీ కూడా లేదు, అక్కకు కొలతలన్నీ బుర్రలోనే ఉండేవి. ఎవరైనా వస్తారేమోనని ఇవాళంతా తలుపు తీసే ఉంచాను. ఒక పాప వచ్చి గుమ్మంలో నిలబడి, మిషను మీది గౌను చూసి, నన్ను చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

నన్ను ఎవరూ తిట్టడం లేదు. నిజంగానే ఎవరూ తిట్టడం లేదు.

మార్చి 21

సాయంత్రం మేనకోడలు వచ్చింది, డ్యూటీ దిగి నేరుగా, ఖాకీ చొక్కాతోనే. అక్క మంచం మీద కూర్చుని చాలాసేపు కాళ్ళూపింది. చిన్నప్పటి అలవాటు.

"మామయ్యా, అమ్మకి కలిపిచ్చావే, అది ఒకసారి నాకు చేసిస్తావా?"

"ఏముంటుందే అందులో. చప్పగా ఉంటుంది."

"అమ్మ చివరిసారి ఇష్టపడి తాగింది కదా. ఎలా ఉంటుందో నాకు తెలియాలి."

లేచి వంటగదిలోకి వెళ్ళాను. పొడి డబ్బా ఇంకా అలాగే ఉంది, పారేయడానికి చేతులు రాలేదు. నీళ్ళు గోరువెచ్చగా కాచాను. చక్కెర వేశాను, పొడి కలిపాను, ఉండలు లేకుండా గిలకొట్టాను. ఎంతసేపు గిలకొట్టానో తెలియదు, "ఏమైంది మామయ్యా?" అని పిలిచేదాకా చెయ్యి ఆడుతూనే ఉంది. బల్ల దగ్గర కుర్చీ లాగి, నిటారుగా కూర్చోమన్నాను. కూర్చుంది.

గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఒక గుక్క తాగింది. ముఖం చిట్లించింది. తర్వాత నవ్వింది, నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"ఛీ, సుద్ద ముక్కలా ఉంది. ఇదా తాగింది? అంత నొప్పిలో, మనకోసం ఇది తాగిందా మామయ్యా?"

నేను బల్ల మీది తడి తుడుస్తున్నాను.

"నేనెంత మాటన్నాను, మనమంటే లెక్కలేదని. ఆసుపత్రిలో ఆ రోజు 'నేనే తాగాను' అని అమ్మ చెప్పకపోయుంటే, జీవితాంతం అలాగే అనుకునేదాన్ని." గ్లాసు కింద పెట్టి నా వైపు వంగింది. "నిజం చెప్పు. తనంతట తనే అడిగిందా?"

నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే నా గుండె మీద బరువు దిగిపోతుంది, ఆ మొత్తం బరువు వెళ్ళి ఎక్కడ పడుతుందో ఎదురుగా కనబడుతూనే ఉంది. ఖాకీ చొక్కా కాలరు చిరిగితే అక్క వేసిన కుట్టు, అసలు బట్ట ఏదో కుట్టు ఏదో తెలియనంత సన్నగా, దాని మెడ దగ్గర ఉంది.

"అడిగింది" అన్నాను. "మళ్ళీ పొయ్యమంది."

"మళ్ళీనా?"

"ఆ. మళ్ళీ."

అది చెయ్యి వెనక్కి తిప్పి కళ్ళు తుడుచుకుంది. మిగిలింది ఒక్క గుక్కలో తాగేసి, ఖాళీ గ్లాసు నా ముందుకు జరిపింది.

"అయితే నాకూ ఇంకాస్త పొయ్యి, మామయ్యా."

పోశాను.